ఎవరైనా కల చెబితే ఎలా వినాలి: పక్కన కూర్చునేవాళ్లు పాటించాల్సిన పద్ధతులు

"రాత్రి ఒక కల పడ్డది అక్కా, పొద్దుటి నుంచి మనసు ఎట్లనో ఉంది" అని ఎవరైనా అంటే మనం సాధారణంగా రెండిట్లో ఒకటి చేస్తాం. "కలే కదా, పట్టించుకోకు" అంటాం. లేకపోతే పూర్తిగా వినకముందే "పాము కనపడిందా? మంగళవారం పుట్టలో పాలు పొయ్యి" అని చెప్పేస్తాం. మొదటిదాంట్లో చిన్నచూపు ఉంది, రెండోదాంట్లో తొందర ఉంది. ఎటూ చెప్పాలనుకున్న మనిషి సగంలోనే ఆగిపోతారు.

హైదరాబాద్‌లో ఇలా కలలు వినే సందర్భం చాలామందికి వస్తుంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే అమ్మాయి పక్క బెడ్ అక్కకి చెబుతుంది. ఇందిరా పార్కులో పొద్దున నడిచే పెద్దాయన తోటివాళ్లకి చెబుతారు. హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ ముగించుకున్న కుర్రాడు క్యాబ్‌లో కొలీగ్‌కి చెబుతాడు. కొందరు ఇంకో అడుగు వేసి, కొద్దిమంది కూర్చుని కలలు చెప్పుకునే బృందం పెట్టుకోవాలనుకుంటారు. వీళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. కలలకి అర్థాలు చెప్పే పట్టిక ఇందులో దొరకదు. ఎదుటి మనిషికి హాని జరగకుండా, తన కలని తనే చూసుకునేలా ఎలా తోడుండాలో మాత్రం ఉంది.

అన్నిటికీ మూలం ఒకటే. కలకి అర్థం ఏమిటో తేల్చాల్సింది ఆ కల కన్నవాళ్లే. అమెరికాలో 1983లో మొదలైన అంతర్జాతీయ కలల అధ్యయన సంఘం 1997లో తన నైతిక నియమావళిలో ఇదే రాసుకుంది: కల కన్న మనిషి గౌరవాన్ని కాపాడాలి, కల ప్రాముఖ్యత గురించి ఆఖరి నిర్ణయం ఆ మనిషిదే. కింద చెప్పే పనులన్నీ దీన్నుంచి వచ్చినవే.

మొదట మీరెవరో చెప్పండి

మీరు డాక్టరా, శిక్షణ ఉన్న కౌన్సెలరా, లేక ఆసక్తితో వింటున్న స్నేహితులా? కల మొదలుపెట్టకముందే ఎదుటివాళ్లకి ఇది తెలియాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. అది లేకుండా ఆ పేరు వాడటం, లేదా ఎదుటివాళ్లు అలా అనుకుంటుంటే సరిదిద్దకుండా ఊరుకోవడం, రెండూ తప్పే. "నేను వైద్యం చేయను. మీరు చెబుతుంటే వింటాను, కొన్ని ప్రశ్నలు అడుగుతాను, అంతే" అని నోరు తెరిచి చెప్పండి.

డబ్బు తీసుకుంటుంటే ఎంతో ముందే చెప్పండి. ఉద్యోగం వస్తుందని, సంబంధం కుదురుతుందని కల ఆధారంగా ఎవరికీ మాట ఇవ్వకండి. కల విన్న నోటితోనే ఉంగరం, తాయెత్తు, హోమం, ఖరీదైన కోర్సు అంటగట్టకండి. కల చెప్పేటప్పుడు మనిషి చాలా మెత్తగా ఉంటారు, ఆ సమయంలో ఏది చెప్పినా నమ్ముతారు. ఆ మెత్తదనాన్ని అమ్మకానికి వాడుకోవడం నా దృష్టిలో ఈ పనిలో చేయగలిగిన ఘోరాల్లో ఒకటి.

చోటు, మాట, గోప్యత

ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ కల చెప్పించుకోకండి. పక్క టేబుల్ వాళ్లు వింటారు. అలాగని ఇల్లే మంచిదనుకోవడానికీ లేదు. రెండు గదుల పోర్షన్‌లో అత్తగారు వంటింట్లో ఉండగా కోడలు తన కల ఎలా చెబుతుంది? తలుపు వేసుకోగలిగే గది కావాలి. వీడియో కాల్ అయితే ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి, గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడగండి, మీ వైపు ఎవరూ లేరని మీరూ చెప్పండి.

బృందం అయితే ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది చాలు. మొదటి రోజే కొన్ని మాటలు ఒప్పుకోవాలి. ఇక్కడ విన్న కల బయట చెప్పకూడదు, పేరు తీసేసి కూడా. ఒకే ఆఫీసులో, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి పేరు తీసేసినా ఎవరిదో తెలిసిపోతుంది. రికార్డింగ్ వద్దు. కలలు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఆ గ్రూపు ఎప్పుడు, ఎక్కడ కలుద్దామో చెప్పుకోవడానికే. ఈమధ్య చాలామంది ఎదుటివాళ్ల కలని యథాతథంగా ఏఐ యాప్‌లో టైప్ చేసి అర్థం అడుగుతున్నారు. కల కన్న మనిషి అనుమతి లేకుండా అలా చేయడం కూడా రహస్యాన్ని బయటపెట్టడమే.

గోప్యతకి హద్దులున్నాయి, వాటినీ ముందే చెప్పాలి. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉందనిపిస్తే నేను సాయం పిలుస్తాను అని చెప్పండి. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి తెలియజేయాల్సిందేనని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఇది అందరికీ వర్తిస్తుంది, డాక్టర్లకి మాత్రమే కాదు. అన్నీ చెప్పుకున్నాక "ఇది బయటకి చెప్పాల్సి వస్తుంది" అంటే మోసపోయామనుకుంటారు. ముందు చెబితే ఎంతవరకు చెప్పాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. పిల్లలతో మాట్లాడేటట్టయితే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

ఇంకొక్క మాట. ఎప్పుడు ఆపాలన్నా ఆపేయొచ్చని, ఆపినందుకు కారణం చెప్పక్కర్లేదని ముందే అనండి. మనవాళ్లు మొహమాటస్తులు, మధ్యలో "చాలు" అనడానికి ఇబ్బంది పడతారు. చెయ్యెత్తితే చాలనుకోవడం లాంటి గుర్తు ఏదైనా పెట్టుకోండి.

వినేటప్పుడు

కలని వాళ్ల సొంత మాటల్లో, వాళ్ల యాసలో చెప్పనివ్వండి. దక్కనీలో అయితే దక్కనీలోనే. మధ్యలో పదం అందించకండి. పూర్తయ్యాక అడిగే ప్రశ్నలు కలలో ఉన్నవాటి గురించే ఉండాలి: అది ఏ చోటు, ఎవరెవరున్నారు, వెలుతురు ఎలా ఉంది, అప్పుడు మీకు లోపల ఎలా అనిపించింది. "ఎందుకు అలా చేశావు?" అని అడిగితే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. ఆ మాట పక్కన పెట్టండి. కొన్ని ప్రశ్నలకి జవాబు రాకపోవచ్చు, వదిలేయండి.

"ఈ కల నాకే వచ్చి ఉంటే"

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హాని ఎక్కువగా జరిగేది ఇక్కడే. అమెరికన్ మానసిక వైద్యుడు మాంటేగ్ ఉల్‌మన్ 1970ల్లో మామూలు మనుషులు కూడా బృందంగా కలల మీద పని చేసేందుకు ఒక పద్ధతి తయారుచేశారు. అందులో వినేవాళ్లు కల కన్న మనిషికి అర్థం చెప్పరు. ఆ కల తమకే వచ్చినట్టు ఊహించుకుని, తమకి ఏమనిపిస్తుందో చెబుతారు. కల కన్నవాళ్లు వింటూ, తమకి తగిలింది తీసుకుంటారు, తగలనిది వదిలేస్తారు. ఏది తగిలిందో బయటకి చెప్పాల్సిన పని కూడా లేదు.

ఉదాహరణకి నేనే అల్లిన ఒక కల తీసుకుందాం. నిజంగా ఎవరో చెప్పిన కలని ఇక్కడ పెట్టడం సరికాదు. గ్రూప్స్‌కి చదివే ఒకమ్మాయి ఇలా చెప్పిందనుకోండి: "పరీక్ష సెంటర్‌కి పోయిన. గేటు మూసేస్తున్నరు. చేతిల హాల్‌టికెట్ లేదు, బియ్యం సంచి ఉంది. వాచ్‌మన్ మా నాన్న లెక్కనే ఉన్నడు. కానీ నన్ను గుర్తుపట్టలే."

ఇది వినగానే "నీకు నాన్నంటే భయం" అనాలనిపిస్తుంది. "పరీక్ష పోతుందని నీకు ముందే తెలుసు" అనాలని కూడా అనిపిస్తుంది. రెండూ అనకండి. మొదట సంచి గురించి అడగండి. ఎలాంటి సంచి? బరువుగా ఉందా? ఆమె కాసేపు ఆలోచించి, బరువు లేదని, మూతి ఎర్ర దారంతో కుట్టి ఉందని, ఊరి నుంచి బియ్యం పంపేటప్పుడు అమ్మ అలాగే కుడుతుందని చెబుతుంది. అప్పుడు ఒకరు, "ఈ కల నాకే వచ్చి ఉంటే, ఇంటివాళ్లు పెట్టిన ఖర్చంతా మోసుకుంటూ గేటు దాకా వచ్చానని టెన్షన్ పడేదాన్ని" అంటారు. ఇంకొకరు, "నాకే వచ్చి ఉంటే నాన్న గుర్తుపట్టకపోవడం ఒకరకంగా ఊరట, పరీక్ష పోయినా ఆయనకి తెలియదు కదా" అంటారు. ఆమె రెంటికీ తల అడ్డంగా ఊపుతుంది. "టెన్షన్ కాదు. నాకు కలల బాగ ఆకలైంది. బియ్యం చేతిలనే ఉన్నయి కానీ వండుకునే టైమ్ లేదు" అంటుంది. అక్కడున్న ఎవరికీ ఆకలి తట్టలేదు. మీరు అర్థం చెప్పేసి ఉంటే ఆ మాట బయటకి వచ్చేదే కాదు.

ఇక్కడ కూడా "అంటే నువ్వు అలసిపోయావు, నెల రోజులు ఇంటికి వెళ్లిరా" అని మొదలుపెట్టకండి. ఆకలి అంటే ఏమిటో ఆమె రెండ్రోజుల తర్వాత తెలుసుకోవచ్చు, తెలుసుకోకపోనూ వచ్చు. "ఇంకేమైనా చెప్పాలనుందా?" అని మాత్రం అడగండి.

ఈ పద్ధతినీ దుర్వినియోగం చేయొచ్చు. "ఈ కల నాకే వచ్చి ఉంటే నా మొగుడిని వదిలేయమని అర్థం" అనడం సలహాని ముసుగేసి చెప్పడమే. మీ మాట మీ గురించే ఉండాలి, మీ అనుభవం నుంచే రావాలి.

కలలో కనపడ్డవాళ్ల గురించి

భర్త వేరే ఆమెతో కనపడ్డాడు. తోడికోడలు అన్నంలో ఏదో కలిపింది. తమ్ముడు ఆస్తి కాగితాలు చించేశాడు. ఇలాంటి కలలు చెప్పినప్పుడు వినేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కలలో వచ్చిన మనిషి బయట నిజంగా ఏం చేస్తున్నారో ఆ కల చెప్పలేదు. అది సాక్ష్యం కాదు. "నాకు మొదటి నుంచీ ఆయన మీద అనుమానమే" అని మీరు తోడు మాట కలిపితే ఆ సాయంత్రం ఒక ఇంట్లో గొడవ మొదలవుతుంది. గదిలో లేని మనిషి తన తరఫున మాట్లాడలేరు కదా. "ఆ క్షణంలో మీకు ఎలా అనిపించింది?" అని మాటని కల కన్న మనిషి వైపుకి తిప్పండి.

అయితే మెలకువలో కూడా కొట్టడం, బెదిరించడం జరుగుతోందని చెబితే అప్పుడది కల సంగతి కాదు. కల పక్కన పెట్టి, మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112 గురించి చెప్పండి. ఫోన్ చేయాలో వద్దో ఆమె నిర్ణయం.

నమ్మకాల దగ్గర

పళ్లు ఊడితే ఇంట్లో ఎవరో పోతారని, పెళ్లి కనపడితే కీడని, చావు కనపడితే ఆయుష్షని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్లం. పంచాంగాల్లో స్వప్న ఫలాలు అచ్చవుతూనే ఉన్నాయి. పాతబస్తీలో తాబీర్, అంటే కలకి అర్థం, అడగడానికి పెద్దలున్నారు. ఇవి విన్నప్పుడు నవ్వకండి. మీరు నమ్మేవారైనా "నిజమే, జరుగుతుంది" అని ముద్ర వేయకండి. "మీ ఇంట్లో ఈ కల గురించి ఏమంటారు? మీకేమనిపిస్తుంది?" అని అడిగితే వాళ్ల భయం ఎక్కడుందో బయటపడుతుంది.

ముస్లిం సంప్రదాయంలో చెడ్డ కలని ఎవరికీ చెప్పకూడదని, మంచి కలని తమను ప్రేమించేవాళ్లకే చెప్పాలని హదీసుల్లో ఉంది. బృందంలో ఎవరైనా ఆ కారణంగా చెప్పనంటే బలవంతం చేయకండి, "చెప్పుకుంటే తేలికవుతుంది" అని ఒప్పించే ప్రయత్నం కూడా వద్దు. చనిపోయిన తండ్రి కలలో వచ్చి అన్నం అడిగాడని ఒకాయన చెబితే, అది మనసు సృష్టే అని కొట్టిపారేయకండి. ఆయన తిథి పెట్టాలనుకుంటే పెట్టుకుంటాడు. కానీ అదే కల పట్టుకుని ఎవరో పెద్ద మొత్తం అడుగుతున్నారని, అప్పు చేయబోతున్నాడని తెలిస్తే, అప్పుడు ఊరుకోవద్దు. ఒక వారం ఆగి ఇంట్లోవాళ్లతో మాట్లాడమని చెప్పండి.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఇక్కడ తెలిసిన విషయం ఒకటి చెప్పొచ్చు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, రాత్రి గడిచేకొద్దీ ఆ దశ నిడివి పెరుగుతుంది. అందుకే తెల్లవారేముందు కలలు పొడవుగా ఉంటాయి, వెంటనే మెలకువ వస్తుంది కాబట్టి బాగా గుర్తుంటాయి. ఇది చెప్పి ఊరుకోండి. నమ్మకాన్ని ఓడించాలని వాదనకి దిగకండి.

లేని గతాన్ని నాటకండి

"ఈ చీకటి గది కల చూస్తే చిన్నప్పుడు నీకేదో జరిగిందనిపిస్తోంది." ఈ ఒక్క వాక్యం ఎప్పటికీ అనకండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు జూలియానా మాజోని, ఎలిజబెత్ లోఫ్టస్ బృందం 1999లో ఒక ప్రయోగం ప్రచురించింది. పిల్లప్పుడు ఫలానా సంఘటన జరిగి ఉండదని ముందు చెప్పినవాళ్లకి, ఒక నిపుణుడు కలని విశ్లేషించి అలాంటిదే జరిగి ఉంటుందని సూచించాడు. తర్వాత వాళ్లలో చాలామందికి అది జరిగే ఉంటుందన్న నమ్మకం పెరిగింది. ఒక చిన్న సంభాషణ చాలు, మనిషి తన బాల్యాన్నే వేరేగా చూడటం మొదలుపెడతారు. దాంతో తల్లిదండ్రులతో సంబంధాలు తెగిపోయే ప్రమాదం ఉంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తనకి జరిగింది ముందు నుంచీ గుర్తున్న మనిషి, కల చెబుతూ ఆ సంగతి చెబితే, "కలల వల్ల అలా అనిపిస్తుందిలే" అనకూడదు. నమ్మి వినండి, వివరాలు తవ్వకండి, శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలనుకుంటే తోడు వెళ్లండి. ప్రస్తుతం ప్రమాదంలో ఉన్న పిల్లల విషయమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

శరీరం చెప్పే సంగతులు, పీడకలలు

ప్రతి భయంకరమైన కలకీ అర్థం వెతకడం సరికాదు. రక్తపోటుకి, చేతుల వణుకుకి ఇచ్చే ప్రొప్రనొలాల్, కొన్ని డిప్రెషన్ మందులు కలలని ఘాటుగా చేయగలవు. తాగుడు ఒక్కసారిగా మానేసినా అంతే. కాబట్టి "ఈమధ్య మందులేమైనా మారాయా?" అని అడగండి. మారి ఉంటే డాక్టర్‌ని అడగమనండి, మాత్ర సొంతంగా మానేయమని మాత్రం చెప్పకండి. మెలకువ వచ్చినా కదల్లేక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండటాన్ని నిద్ర పక్షవాతం అంటారు. నిద్ర వేళలు చెదిరినవాళ్లలో, నైట్ షిఫ్ట్‌ల వాళ్లలో ఇది కనపడుతుంది. చాలాసార్లు ప్రమాదం లేనిదే, అది తెలిస్తేనే సగం భయం పోతుంది. వయసు మళ్లినవాళ్లు కలలో దెబ్బలాడుతూ నిజంగానే చేతులు విసురుతుంటే, మంచం మీంచి పడుతుంటే మాత్రం న్యూరాలజిస్ట్‌కి చూపించాలి.

ఒకే పీడకల మళ్లీ మళ్లీ వచ్చి నిద్ర చెడగొడుతుంటే దానికి చికిత్స ఉంది. పగటిపూట మెలకువలో ఆ కలని తమకి నచ్చినట్టు మార్చి రాసుకుని, మార్చిన కలని రోజూ కొన్ని నిమిషాలు మనసులో నడిపించుకునే పద్ధతిని అమెరికన్ నిద్ర వైద్య సంస్థ 2018లో పీడకలల చికిత్సగా సిఫారసు చేసింది. ప్రమాదం, దాడి, యుద్ధం లాంటి వాటి తర్వాత వచ్చే పీడకలలైతే మీరు చేయించబోకండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

కలలో చనిపోయినంత మాత్రాన ఎవరూ చావాలనుకుంటున్నట్టు కాదు. కానీ మనిషి తీరు చూసి మీకు అనుమానం వస్తే సూటిగా అడగండి: "మెలకువలో కూడా చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, 14416కి అక్కడే ఫోన్ కలపండి.

ముగించేటప్పుడు

లేచి వెళ్లిపోయే ముందు పది నిమిషాలు ఉంచుకోండి. మంచినీళ్లు ఇవ్వండి, ఇంటికి ఎలా వెళ్తున్నారో అడగండి. ఏడ్చి ఉంటే వెంటనే బండి నడపనివ్వకండి. ఆఖరి మాట కల కన్నవాళ్లదే కావాలి, మీరు సారాంశం చెప్పకండి. రాసుకున్న కాగితాలుంటే వాళ్లకే ఇచ్చేయండి, లేదా వాళ్ల ఎదుటే చించేయండి.

మీ కలలు కూడా ఎవరో ఒకరికి చెప్పుకోండి. ఉల్‌మన్ పద్ధతిలో బృందం నడిపేవాళ్లు కూడా తమ కల ముందుంచవచ్చు. కొత్త బృందం అయితే మొదటి కల మీరే చెబితే మంచిది. అందరి ముందు కల విప్పి చెప్పుకున్నాక, ఎవరో తొందరపడి ఒక అర్థం తగిలిస్తే ఎంత కష్టంగా ఉంటుందో అప్పుడు మీకే తెలుస్తుంది.